లిస్టులో పేరు లేనివాడు

పోయిన నెలంతా నెల్లూరులో అద్దె ఇల్లు వెతకడంతోనే సరిపోయింది. ఆఫీసు మారింది, పిల్లాడి స్కూలు మారింది, వేదాయపాళెం వైపు ఉంటే రెండింటికీ దగ్గర. సాయంత్రం పూట బండి మీద వీధులన్నీ తిరగడం, టూలెట్ బోర్డు కనిపిస్తే ఫోన్ చేయడం, మెట్లెక్కి చూడటం. నీళ్ళ సంగతి మనం అడిగేలోపే వాళ్ళ ప్రశ్నలు మొదలవుతాయి. ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం, సొంతూరు ఏది. కొండపి దగ్గర పల్లెటూరని చెప్తే "ఓ, ఒంగోలు వైపా" అంటారు. కాసేపు అటూ ఇటూ చూస్తారు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి, "ఏమనుకోబాకండి సార్, మీరు ఏంవాళ్ళు?"

కొంతమంది ఇంకొంచెం నాజూకు. "నీసు వండుతారా?" అని అడుగుతారు. చేపల పులుసుకి పేరుపడ్డ ఊళ్ళో ఆ ప్రశ్న దేనికో అడిగేవాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు.

ఏడో ఇల్లు రెండో అంతస్తు. గాలి బాగా వస్తుంది, వెనక కొబ్బరిచెట్టు. ఓనరు గారు రిటైరైన పెద్దమనిషి, మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ అడిగారు. నేను చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. రాయనన్నానని మీ బుర్రలో కూడా ఈపాటికి ఒక లెక్క మొదలయ్యే ఉంటుంది. ఆ మాట వినగానే ఆయన ముఖం విప్పారింది. లోపలికి చూసి కాఫీ పెట్టమన్నారు. 12,000 అన్న అద్దె 10,500కి దిగింది. నేను కాఫీ తాగి, అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.

ఆ రాత్రే బావ ఫోన్ చేశాడు. ఇల్లు దొరికినందుకు సంతోషం, ఆ తర్వాత అసలు విషయం. "ఏం బామ్మర్దీ, నలభైకి దగ్గర పడతన్నావు, ఇంకా ఆ కత్తులూ డ్రాగన్లూ ఆటలేందిరా? మా పిల్లకి కూడా అంటించావు. ఇంతకీ దేన్నుంచి పారిపోతన్నావు నువ్వు?"

నవ్వేసి పెట్టేశాను. కానీ ఆ "దేన్నుంచి" అన్న మాట చెవిలో ఉండిపోయింది. పదమూడు పద్నాలుగేళ్ళుగా ఈ ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేములు, అంటే కల్పిత లోకంలో ఒక పాత్రగా మారి తిరిగే ఆర్పీజీలు, ఆడుతున్నాను. ఇన్నేళ్ళలో నన్ను నేను అడగని ప్రశ్న అది.

జవాబులు లేక కాదు. అందరూ చెప్పేవి నేనూ చెప్పగలను. స్కైరిమ్ అనే ఆటలో ఇనప బాకులు వరసగా చేసుకుంటూ పోతే కమ్మరి పని పెరుగుతుంది, చేసిన పనికి ఫలితం కళ్ళెదుట అంకెలా కనిపిస్తుంది. ఏడాది కష్టం వేలం కేంద్రంలో రెప్పపాటులో తేలిపోవడం చూస్తూ పెరిగిన పొగాకు రైతు కొడుక్కి అది తక్కువ సుఖం కాదు. కానీ ఆ సుఖమే అయితే క్యాండీ క్రష్ చాలు. కథ కోసమంటే నవలలున్నాయి. మంచు కొండలు చూడాలంటే యూట్యూబ్ ఉంది. డ్రాగన్లంటారా, నిజం చెప్పాలంటే నాకు డ్రాగన్లు విసుగు. పైన ఎక్కడో అరుస్తూ తిరుగుతుంది, కిందికి దిగేదాకా మెడ ఎత్తి నిలబడాలి.

నన్ను పట్టుకున్నది ఇవేవీ కావు. ఆట మొదట్లో వచ్చే ఒక్క ప్రశ్న. దాన్ని చెప్పాలంటే మా బ్యారన్ దగ్గరికి వెళ్ళాలి.

బ్యారన్ దగ్గర

కొండపి, టంగుటూరు వైపు వాళ్ళకి బ్యారన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: పొగాకు ఆకుని వేడికి పండబెట్టి ఎండబెట్టే ఎత్తైన గది. విచర్ 3 అనే ఇంకో ఆటలో బ్లడీ బ్యారన్ అనే ఒక ఊరి దొర ఉంటాడు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నా కళ్ళ ముందు కనిపించింది రేకుల కప్పుతో మా పొగాకు బ్యారనే. ఆ దొర ముఖం చూసేదాకా ఆ బొమ్మ చెరగలేదు.

ఆకు కోసి, కర్రలకి అల్లి, లోపల వరసలు వరసలుగా వేలాడదీసి తలుపు మూస్తే, ఐదారు రోజులు మంట ఆరకూడదు. మొదట సన్నటి వేడికి ఆకు పసుపు తిరగాలి. తర్వాత ఆరాలి. ఆఖరున ఈనె ఎండాలి. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగా ఉండగానే బిగుసుకుపోతుంది, దానికి రేటు రాదు. అందుకని రాత్రంతా ఒక మనిషి థర్మామీటరు చూసుకుంటూ, పొయ్యిలోకి మొద్దులు నెడుతూ కూర్చోవాలి.

మా బ్యారన్‌కి ఆ మనిషి ఒక తాత. నేను పుట్టక ముందు నుంచీ ఆయనే. ఆయన్ని తాతా అని పిలిచేవాణ్ణి. అందులో నా గొప్పేమీ లేదు, చిన్నప్పుడు అమ్మ చేసిన అలవాటు. నాన్న మాత్రం పేరు పెట్టి ఏరా అనేవాడు, ఆయన నాన్న కంటే పదేళ్ళు పెద్దయినా. తాత నన్ను బాబూ అనేవాడు. నేను నిక్కరు వేసుకునే రోజుల నుంచీ బాబూనే.

2012 ఫిబ్రవరి. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం లేదు, ఇంట్లో కూర్చుంటే నాన్న చూపులు. రాత్రి కాపలాకి నేనూ పోతానని చెప్పి లాప్‌టాప్ పట్టుకుని బ్యారన్ దగ్గరికి చేరేవాణ్ణి. పాకలో ఒక బల్బు, ఒక ప్లగ్ ఉండేవి. స్కైరిమ్ వచ్చి మూడు నెలలైంది. నా దగ్గరికి హాస్టల్ ఫ్రెండు హార్డ్ డిస్క్‌లో వచ్చింది. ఎలా వచ్చిందో అడక్కండి, తర్వాత స్టీమ్ అనే ఆటలమ్మే సైటులో డిస్కౌంట్ పెట్టినప్పుడు డబ్బు కట్టి ఆ పాపం కడుక్కున్నాను. బొమ్మల నాణ్యత పూర్తిగా తగ్గిస్తే తప్ప నడిచేది కాదు. మంచు తెల్లటి ముద్దలా, మనుషులు మైనం బొమ్మల్లా కనపడేవాళ్ళు.

ఆట ఎలా మొదలవుతుందో ఆడినవాళ్ళకి కంఠతా వచ్చు. గుర్రబ్బండిలో చేతులు కట్టేసిన ఖైదీలు, వాళ్ళలో మనం ఒకళ్ళం. తాత పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఎవరు బాబూ వీళ్ళు?"

"ఖైదీలు తాతా. తలలు నరకడానికి తీసుకుపోతున్నారు."

"ఇందులో నువ్వు యాడున్నావు?"

"బండిలోనే. వాళ్ళలో ఒకణ్ణి."

"ఏం చేశావు?"

"తెలీదు. ఆట చెప్పదు."

దానికి తాత ఆశ్చర్యపోలేదు. బండి ఆగింది. ఒక సైనికుడు కాగితం పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. గుర్రాల దొంగ పరిగెత్తాడు, బాణం తగిలి బోర్లా పడ్డాడు. నా వంతు వచ్చింది. సైనికుడు నా వైపు చూసి, "నువ్వెవరు?" అన్నాడు. అక్కడ ఆట ఆగిపోయి, తెర మీద పది జాతులు వరసగా వచ్చాయి.

"ఏందది, ఆగిపోయిందే?"

"నేనెవరో చెప్పమంటున్నాడు తాతా. పది జాతులున్నాయి, వాటిలో ఏదో ఒకటి చెప్పాలి."

"నువ్వే చెప్పాల్నా?"

"నేనే."

"ఏదంటే అదా?"

"ఏదంటే అది."

తాత ఏమీ మాట్లాడలేదు. వెళ్ళి పొయ్యిలోకి ఒక మొద్దు నెట్టాడు, కిటికీ అద్దంలోంచి థర్మామీటరు మీద టార్చి వేసి చూశాడు, తిరిగొచ్చాడు. అప్పటికి నేను ముక్కు, గడ్డం సరిచేసుకుంటున్నాను.

"ఏం పెట్టావు?"

"నార్డ్ అని తాతా. ఆ దేశం వాళ్ళే. చలికి బాగా తట్టుకుంటారు."

"ఆ ఊరోళ్ళదే పెట్టావా," అన్నాడు తాత.

అంతే అన్నాడు. ఆ మాటలో ఏముందో అప్పుడు నాకు తట్టలేదు. ఆట ముందుకి కదిలింది. సైనికుడు కాగితం అంతా వెతికి, ఇతని పేరు లిస్టులో లేదని పై అధికారికి చెప్పాడు. అది తెలుగులో చెప్తే తాత, "పేరు లేకపోతే వదిలేస్తారు గదా" అన్నాడు.

"లేదు తాతా. లిస్టు సంగతి వదిలెయ్, వీడినీ నరకండి అంటోంది ఆ కెప్టెనమ్మ."

తాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇయ్యాలంటే లిస్టులో పేరుండాల. కొట్టాలంటే అక్కర్లా. మన ఆఫీసోళ్ళే బాబూ వీళ్ళు!"

ఆట అడిగే మొదటి ప్రశ్న

ఇక్కడే నా వాదన. ఫాంటసీ ఆర్పీజీల్లో మనల్ని లాగేది ఆ ప్రశ్నే. కత్తి, మంత్రం, రాజ్యాలు కాపాడటం ఇవన్నీ తర్వాత. మా వైపు ఏ ఊళ్ళో అడుగుపెట్టినా, ఏ పెళ్ళి భోజనంలో పక్కన కూర్చున్నా, "ఎవరి తాలూకు అబ్బాయివి?" అని అడుగుతారు. జవాబు మనం పుట్టకముందే తయారై ఉంటుంది, మనం ఒప్పజెప్పడమే. ఆట కూడా అదే ప్రశ్న అడుగుతుంది. తేడా ఏమిటంటే, జవాబు మన చేతికిచ్చి ఎదురుచూస్తుంది. ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. మన పేరు మనమే టైపు చేస్తాం. ఆ తర్వాత రివర్‌వుడ్ అనే పల్లెలోకి వెళ్తే, ఎవరి కొడుకువని ఎవరూ అడగరు. ఇక్కడే ఉండు, కొట్లో దొంగలు పడ్డారు వెతికిపెట్టు, కట్టెలు కొట్టు డబ్బులిస్తాం, ఇదే మాట.

వైట్‌రన్ అనే పట్నంలో బ్రీజ్‌హోమ్ అని ఒక చిన్న ఇల్లుంది. ఖరీదు 5,000 బంగారు నాణేలు. ఊరికి ఒక ఉపకారం చేసి, డబ్బు తెచ్చుకుంటే తాళంచెవి ఇస్తారు. నీసు వండుతావా అని అడగరు. వేదాయపాళెంలో మెట్లెక్కి దిగుతున్న ఆ నెలలో బ్రీజ్‌హోమ్ నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇంతదాకా రాసి చదువుకుంటే బాగానే ఉందనిపించింది. తర్వాత అనుమానాలు మొదలయ్యాయి.

మొదటి అనుమానం: నిజంగా పుట్టుకని పక్కన పెట్టే ఆటే అయితే, మొదటి తెర మీదే జాతి ఎందుకు అడుగుతుంది? ఈ ఆటలన్నిటికీ మూలపురుషుడు డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడుకోవడానికి వచ్చింది. దాని మొదటి నియమాలు చూస్తే మా ఊరి పెద్దమనుషులెవరో రాశారా అనిపిస్తుంది. మనిషి జాతివాడు ఎంత పైకైనా పోవచ్చు. పొట్టివాళ్ళు, అదే డ్వార్ఫ్‌లు, యోధులు మాత్రమే కాగలరు, అది కూడా 6వ లెవెల్ దాకానే. ఇంకా పొట్టి జాతి హాబిట్ అయితే 4 దగ్గర ఆగిపోవాలి. ఎంత పోరాడినా, ఎన్ని రాక్షసుల్ని చంపినా అంతే. తర్వాత కొన్నాళ్ళు నడిచిన బేసిక్ పద్ధతిలో మరీ విచిత్రం: మనిషైతే వీరుడు, మంత్రగాడు, దొంగ ఇలా ఏదో ఒక వృత్తి ఎంచుకుంటాడు, ఎల్ఫ్ (కోసుచెవుల జాతి) అయితే మాత్రం వాడి వృత్తి పేరు కూడా ఎల్ఫే. పుట్టుకే పని. దీన్ని మనకి ఎవరూ ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ఆ లెవెల్ హద్దులు పోవడానికి 2000 దాకా పట్టింది. ఓర్క్ (మోటు రాక్షసజాతి) పుడితే బలం, ఎల్ఫ్ పుడితే చురుకు అని పుట్టుకతో వచ్చే అదనపు అంకెల్ని ఎవరిష్టం వచ్చినచోట వాళ్ళు పెట్టుకోవచ్చని 2020లో ఒక పుస్తకంలో వెసులుబాటు ఇచ్చారు. 2024 నియమాల్లో జాతి అన్న మాటే తీసేసి జీవజాతి అనే అర్థం వచ్చే మాట పెట్టారు, అదనపు అంకెల్ని పుట్టుక నుంచి తప్పించి, పెరిగిన నేపథ్యానికి ఇచ్చారు. పాత ఆటగాళ్ళు చాలామంది గొడవ చేశారు. ఓర్క్‌కీ ఎల్ఫ్‌కీ తేడా లేకపోతే ఇంక ఆట ఏముందని. ఆ గొడవ చదువుతుంటే, భాష ఇంగ్లీషే అయినా వాదన మాత్రం మా రచ్చబండ మీద విన్నట్టే ఉంది.

అంటే యాభై ఏళ్ళుగా ఈ ఆటలు పుట్టుకని వదల్లేక వదల్లేక వదులుతున్నాయి. నా వాదనకి ఇది దెబ్బే. ఒప్పుకుంటున్నాను.

కొమ్ములు బాగున్నాయి మామయ్యా

బావ చెడగొట్టానన్న ఆ మేనకోడలు ఒంగోలులో డిగ్రీ చదువుతోంది. పోయిన సెలవుల్లో మా ఇంటికొచ్చి నా కంప్యూటర్ మీద బాల్డర్స్ గేట్ 3 మొదలుపెట్టింది. 2023లో బెల్జియం వాళ్ళు చేసిన ఆట, పదకొండు జాతులు, పన్నెండు వృత్తులు. రెండు సాయంత్రాలు పాత్రని తయారు చేయడానికే పట్టింది దానికి. చివరికి టీఫ్లింగ్ ఎంచుకుంది. కొమ్ములు, తోక, నరకం అంశ ఒంట్లో ఉందని అందరూ అనుమానించే జాతి. ఆట మొదట్లోనే టీఫ్లింగ్ శరణార్థులు ఒక తోపులో తలదాచుకుని ఉంటారు, మీవల్లే మాకు కష్టాలని అక్కడివాళ్ళు వాళ్ళని గెంటేయడానికి చూస్తుంటారు.

నేను లోలోపల పొంగిపోయాను. చూశావా, పిల్ల ఎంత ఆలోచించి ఎంచుకుందో అని. "ఎందుకే అది పెట్టావు?" అన్నాను.

"కొమ్ములు బాగున్నాయి మామయ్యా."

వ్యాసం రాసేవాడి మొహాన ఇంతకంటే గట్టిగా ఎవరూ తలుపు వేయలేరు. ఆ తర్వాత తోపు దగ్గర ఒకామెని ఒప్పించడానికి ఇరవై ముఖాల పాచిక వేసింది. ఒకటి పడింది. ఒకటి పడితే ఎంత నేర్పున్నా ఓడినట్టే. "ఛ" అని, ముందు దాచుకున్న పాత సేవ్ తెరిచి, ఆట అక్కడికి వెనక్కి తెచ్చి మళ్ళీ వేసింది. ఆ పాచిక తెర మీద అందరికీ కనపడేలా దొర్లడం నాకు ఇష్టం. ఓనరు గారి కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఒక పాచిక దొర్లింది. నాకు మంచి అంకె పడింది, అంతే. నా ముందు ఆ మెట్లు దిగి వెళ్ళినవాళ్ళకి ఎంత పడిందో నాకు తెలీదు.

పారిపోవడం గురించి ఇంకొక మాట. హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడు నాలుగేళ్ళూ ఇంటిపేరు ఎవరికీ చెప్పలేదు. అడిగితే జోకు వేసి తప్పించుకునేవాడు. వాడూ స్కైరిమ్ పిచ్చోడే. ఈ వ్యాసం రాస్తూ వాడికి ఫోన్ చేసి నువ్వు ఏ జాతి ఆడేవాడివిరా అని అడిగాను. "నార్డే. ఎప్పుడూ నార్డే," అన్నాడు. బల్లిజాతివాళ్ళనీ డార్క్ ఎల్ఫ్‌లనీ ఆ ఊళ్ళల్లో ఎలా చూస్తారో తెలుసు కదా, వాళ్ళ వైపు నుంచి ఆడాలనిపించలేదా అన్నాను. వాడు కాసేపు ఆగి, "నీకు సరదారా తిట్టించుకోవడం. నాకు రాత్రి పూటన్నా ఎవడూ ఏమనకుండా వీధిలో నడవాలని ఉండేది," అన్నాడు.

బావ ఆ "దేన్నుంచి" వాణ్ణి అడిగుంటే బాగుండేది. వాడి దగ్గర జవాబుంది.

విరాటరాజు కొలువులో

మా ఊళ్ళో వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో విరాటపర్వం చదివించేవాళ్ళు. విరాటపర్వం చదివితే వాన పడుతుందని నమ్మకం. ప్రకాశం జిల్లాలో పుట్టినవాడికి ఆ పర్వం మిగతా పదిహేడింటికంటే ఎక్కువ తెలిసి ఉండటంలో ఆశ్చర్యం లేదు. తిక్కన సోమయాజి నెల్లూరులో కూర్చుని భారతాన్ని అందుకున్నది కూడా అక్కడి నుంచే.

ఆర్పీజీలు ఆడటం మొదలుపెట్టాక ఆ పర్వం నాకు ఇంకోలా వినపడింది. అడవి నుంచి వచ్చిన ఆరుగురు, ఎవరు ఏమవుతారో ముందే మాట్లాడుకుని, ఊరి పొలిమేరలో ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచేస్తారు. ఒకాయన జూదం తెలిసిన కంకుభట్టు, ఒకాయన వంటల వలలుడు, ఒకాయన నాట్యం నేర్పే బృహన్నల, గుర్రాలకి ఒకరు, ఆవులకి ఒకరు, రాణి జడ వేయడానికి సైరంధ్రి. పేరు, వేషం, వృత్తి. మేనకోడలు రెండు సాయంత్రాలు చేసిన పని ఇదే.

కానీ రాజు ముందుకి వెళ్ళినప్పుడు చూడండి. భీముడు వంటవాణ్ణంటాడు. నిన్ను చూస్తే వంటవాడిలా లేవే, ఏలికలా ఉన్నావే అంటాడు విరాటరాజు. మిగతావాళ్ళ దగ్గరా ఇదే వరస. వేషం మార్చినా రాచకళ దాగదు. మన జానపద కథల్లో పశువుల కాపరి రాక్షసుణ్ణి చంపి రాజకుమారిని గెలిస్తే, ఆఖరి పేజీకి వాడు చిన్నప్పుడు తప్పిపోయిన రాజకొడుకని తేలుతుంది. తేలకపోతే పెళ్ళి చేయడానికి కథ చెప్పేవాడికే మనసొప్పదు.

మన కథలకీ ఈ ఆటలకీ చుట్టరికం ఉందనేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. చుట్టరికం ఉంది, మంచీ చెడూ రెండిట్లోనూ. స్కైరిమ్‌లో నన్ను ఎవరి కొడుకువని అడగని మాట నిజమే. ఎందుకంటే నేను డ్రాగన్‌బోర్న్‌ని, డ్రాగన్ అంశతో పుట్టినవాణ్ణి. పేరులోనే పుట్టుక ఉంది. లిస్టులో పేరు లేని ఖైదీ కాస్తా మూడు గంటల ఆట దాటేసరికి జన్మతః మహాత్ముడని తేలిపోతాడు. తాత ఆ రాత్రి అంతదాకా చూడలేదు. తెల్లారుజామున నిద్రపోయాడు, మంట నేను చూశాను.

విచర్ 3 ఈ విషయంలో నిజాయితీ గల ఆట అంటాను. అందులో జాతి ఎంచుకోవడం లేదు, గెరాల్ట్ అనే రాక్షసుల వేటగాడిగానే ఆడాలి. దయ్యాలు, భూతాలు చంపడానికి ఊళ్ళవాళ్ళు వాణ్ణి పిలుస్తారు. వాడు వస్తుంటే పక్కకి ఉమ్ముతారు. డబ్బు దగ్గర బేరమాడతారు. వాడు లేకపోతే గడవదు, వాడు ఊళ్ళో ఉంటే పడదు. ఆ ఆట ఆడుతున్నన్నాళ్ళూ నాకు మా బ్యారన్ తాత గుర్తొచ్చేవాడు. ఏడాది పంట ఆయన కంటి మీద నడిచేది. మా ఇంట్లో ఆయన గ్లాసు వేరుగా, బయట కిటికీ గూట్లో ఉండేది. నేను దాన్ని రోజూ చూసేవాణ్ణి. తాతా అని కూడా పిలిచేవాణ్ణి.

గోడ బయట గుడారాలు

కొత్త ఇంట్లో దిగిన వారానికి నెట్ వచ్చింది. పిల్లాడు పడుకున్నాక స్కైరిమ్ మళ్ళీ మొదలుపెట్టాను, మొదటి నుంచి. బండి, ఖైదీలు, గుర్రాల దొంగ, కాగితం. నువ్వెవరు. ఇన్నేళ్ళలో ఈ తెర ముందుకి కనీసం పాతికసార్లు వచ్చి ఉంటాను. ఆ పాతిక గుర్తు చేసుకుంటే నార్డ్, ఇంపీరియల్, బ్రెటన్, మళ్ళీ నార్డ్, అన్నీ మనుషుల జాతులే. ప్రతిసారీ ఒక కారణం ఉండేది. చలికి తట్టుకుంటాడు, మంత్రాలు అంతగా తగలవు, ముఖం బాగుంటుంది. కారణాలకేం, ఓనరు గారి దగ్గరా ఉంటాయి.

ఏదంటే అది ఎంచుకోవచ్చని తాతకి గొప్పగా చెప్పినవాణ్ణి, ఎప్పుడూ ఊరివాళ్ళదో, ఊళ్ళో ఎవరూ ఏమననివాళ్ళదో ఎంచుకున్నాను. ఆట ఇచ్చే స్వేచ్ఛ గురించి పైన అంత రాశాను కదా, దాన్ని నేను ఒక్కసారీ వాడుకోలేదు. రూమ్మేట్ నార్డ్ ఎంచుకోవడానికీ నేను ఎంచుకోవడానికీ చాలా తేడా ఉంది. వాడు పగలు లేనిది రాత్రి తెచ్చుకున్నాడు. నేను పగలున్నదే రాత్రికి కూడా మోసుకెళ్ళాను. బావా, నేను దేన్నుంచీ పారిపోలేదు. పారిపోయేవాణ్ణయితే ఆ కాఫీ తాగేవాణ్ణి కాదు.

ఈసారి ఖజీట్ పెట్టాను. పిల్లి ముఖం, తోక, చీకట్లో కూడా కనిపించే కళ్ళు. తిట్టించుకోవడం నీకు సరదారా అని రూమ్మేట్ అన్నమాట పక్కనే ఉంది, అయినా పెట్టాను.

వైట్‌రన్ కోట గోడ బయట రోడ్డు పక్కన ఖజీట్ వ్యాపారుల గుడారాలుంటాయి. వాళ్ళని ఊళ్ళలోకి రానివ్వరు. దొంగలని అనుమానం. వాళ్ళ సరుకు కావాలి, కొనడానికి జనం బయటికే వస్తారు. నార్డ్‌గా ఆడినప్పుడు వాళ్ళ దగ్గర సామాన్లు అమ్ముకుని పోయేవాణ్ణి, అదొక సదుపాయం అనుకునేవాణ్ణి. ఈసారి వాళ్ళ మంట దగ్గర ఆగి, అదే ముఖంతో, అదే తోకతో, గేటు వైపు నడిచాను. కాపలావాడు ఆపాడు. రివర్‌వుడ్‌కి సాయం కావాలని జార్ల్‌కి, అంటే అక్కడి దొరకి, చెప్పాలన్నాను. తలుపు తీశాడు. నార్డ్‌కి తీసినట్టే తీశాడు. ఆట తయారుచేసినవాళ్ళు గోడ కట్టారు, గుడారాలు వేశారు, ఆడేవాడికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. డబ్బు కట్టి కొనుక్కున్నవాణ్ణి బయట కూర్చోబెట్టలేరు కదా. ఇంకో పది గంటలు ఆడితే ఈ పిల్లిముఖంతోనే ఆ ఊరికి నేను ఒక థేన్‌ని, అంటే జార్ల్ బిరుదిచ్చిన పెద్దమనిషిని అవుతాను, బ్రీజ్‌హోమ్ కొంటాను. గుడారాలు మాత్రం అక్కడే ఉంటాయి.

వెనక్కి తిరిగి వచ్చి ఆ గుడారాల దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. ఆటలో చేయడానికి అక్కడ ఏమీ లేదు. మంట చిటపటలాడే చప్పుడు బాగా చేశారు.

వెనక తలుపు దగ్గర అలికిడి అయితే చూశాను. ఓనరు గారు. చేతిలో స్టీలు గిన్నె, మూత మీద ఇంకో మూత. కొత్త ఆవకాయంట, వాళ్ళావిడ పంపారట. గిన్నె తీసుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి తెర వైపు వంగి చూశారు.

"పిల్లా అది? మనిషిలా నిలబడిందే."

"అదొక జాతండీ ఈ ఆటలో. అందరూ అలాగే ఉంటారు."

"మరి ఊరి బయట ఉందేం?"

"లోపలికి రానివ్వరండీ వాళ్ళని."

"నువ్వాడేది కూడా ఇదేగా?"

"నన్ను రానిస్తారండీ. మిగతావాళ్ళనే రానివ్వరు."

"అంతేలే," అన్నారాయన, అందులో విశేషమేమీ లేనట్టు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగారు. "మోటారు వేశాను బాబూ. ట్యాంకు నిండి పొర్లితే కాస్త ఆపు, నాకు పైకి వినపడదు."